అంచుల దాకా

ఇంకా దిగకూడదు. ఒకసారి అడుగు చూసి వచ్చిన ఒంటికి, నెత్తుట్లో కలిసిన గాలి మెల్లమెల్లగా బయటికి పోయేదాకా తీరిక ఇవ్వాలి, తొందరపడి మళ్లీ దూకితే కీళ్ల నొప్పితో మొదలై ప్రాణం మీదికి వస్తుంది. కొత్తగా నీళ్లలో దిగడం నేర్చుకునేవాళ్లకి ఆమె ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పేటప్పుడు ఎంత తేలిక, కూర్చునేటప్పుడు ఎంత కష్టం. పడవ చిన్నది, లేచి నాలుగడుగులు వేద్దామంటే చోటు లేదు, కాలుగాలిన పిల్లికైనా తిరగడానికి కాస్త నేల కావాలి కదా. రబ్బరు సూటు నడుం దాకా ఒలిచి, దాని చేతులు రెండూ పొట్ట ముందు ముడివేసుకుని, ఒడిలో కెమెరా పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఆమె జోడీ, ఎప్పుడూ ఆమెతో పాటు నీళ్లలో దిగే మనిషి, రేవులో అందరూ పొడుగు అని పిలిచే మనిషి, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పడవ అంచు మీదుగా బయటికి చాపి, టోపీ ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. నిద్రపోయాడో, ఆమె ఏదైనా అడుగుతుందేమోనని అలా పడుకున్నాడో. పడవ కింద, బురద నీళ్ల అడుగున, బావ నడిపిన లాంచీ పక్కకి ఒరిగి పడుంది. రేపు పొద్దున క్రేను వస్తుంది, ఇనుప తాళ్లు చుట్టి లాగుతుంది, లాగాక ఏది మునగకముందే విరిగిందో, ఏది లాగుడికి విరిగిందో ఆ దేవుడు కూడా చెప్పలేడు. అందుకని ఈ రోజే. ఈ పూటే. ఈ గంట గడిస్తే.

పొద్దున దిగినప్పుడు తప్పు జరిగింది. కెమెరా ఉన్న గట్టి డబ్బా ముందు ఇంకో లెన్సు తగిలించి దిగుతుంది ఆమె, బోర్లించిన గాజు గిన్నెలా ఉంటుంది అది, నీళ్లలోనే తగిలించుకోవచ్చు, నీళ్లలోనే తీసి నడుముకి వేలాడేసుకోవచ్చు. ఇలాంటి మురికి నీళ్లలో అదే గతి. వస్తువు మొత్తం కనిపించాలని వెనక్కి జరిగితే మధ్యలో బురద తప్ప ఇంకేమీ కనిపించదు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరికి వెళ్లాలి, అంత దగ్గరికి వెళ్తే మామూలు కెమెరాకి జానెడు ముక్కే ఆనుతుంది, ఈ గాజు గిన్నె తగిలిస్తే అంత దగ్గర్నుంచే ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుతుంది. కాకపోతే ఆ గిన్నెకీ డబ్బాకీ మధ్య సందులో నీళ్లు నిండాలి. గాలి బుడగ ఒక్కటి చిక్కుకున్నా చాలు, ఫొటోలో సగం పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. దిగగానే లెన్సు ఒకసారి విప్పి, వంచి, బుడగల్ని పోనిచ్చి, మళ్లీ బిగించాలి. చంటిదానికి పాలు పట్టి భుజాన వేసుకుని తట్టినట్టు అని పొడుగు నవ్వుతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ మర్చిపోలేదు. పొద్దున మర్చిపోయింది. ఏం గుర్తుంటుంది, కింద చీకట్లోంచి లాంచీ వెనకభాగం ఉన్నట్టుండి ఎదురొచ్చి, దాని మీద బావ తన చేత్తో దిద్దిన నీలం గీత కనిపించినప్పుడు.

ఫొటోలు పోతే పోయాయి, చేతులకి తెలిసిపోయిందే, అదీ బాధ. లాంచీ నడిపే సరంగు గదిలో చక్రం తిప్పితే ఒక గొలుసు లాగుతుంది, ఆ గొలుసు వెనకదాకా పోయి చుక్కానిని తిప్పుతుంది, మూత ఊడిపోయి ఆ గొలుసు దారంతా తెరుచుకుని ఉంది. కెమెరా పొడుగు చేతికిచ్చి ఆమె దాన్ని వేళ్లతో పట్టుకుంది, చక్రం దగ్గర మొదలుపెట్టి కణుపు తర్వాత కణుపు తడుముకుంటూ పోయింది, ఇక్కడ తెగి ఉంటుంది, ఇక్కడ కాదా, సరే ఆ మలుపు దగ్గర తెగి ఉంటుంది, తెగి ఉండాలి. తెగలేదు. చుక్కాని దాకా ఎక్కడా తెగలేదు. గ్రీజు కూడా ఉంది, చేతి తొడుక్కి అంటుకుని ఇప్పటికీ వదలడం లేదు. చుక్కాని కుడివైపుకి పూర్తిగా తిరిగి ఉంది. అంటే తిప్పాడు, తిరిగింది. పైకొచ్చాక పొడుగు ఏమైందన్నట్టు తలెగరేస్తే, బుడగ పడింది, మళ్లీ దిగాలి, అంది. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

బావ చెప్పింది వేరు. ఆసుపత్రి మంచం మీద చెప్పాడు, పోలీసులకి చెప్పాడు, విచారణకి వచ్చిన ఆఫీసరుకి చెప్పాడు, ప్రతిసారీ అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా. "తిప్పాను. లాంచీ మాట వినలేదు. గొలుసు పోయింది." ఎడమవైపు రాయి ఉంది, రాయి మీద ఎర్ర గుర్తు స్తంభం ఉంది, గుడ్డివాడికైనా కనిపిస్తుందని రేవులో నవ్వుకునే స్తంభం. లాంచీ దాన్ని రాసుకుని చీలింది. ఎక్కినవాళ్లంతా ఈదుకుంటూనో, పడవల్లోకి లాక్కుంటేనో ఒడ్డుకి చేరారు, ఒక దర్జీ తప్ప. కొలతలు తీసుకుని అవతలి ఒడ్డుకి పోతున్నాడట, మెడలో టేపు అలాగే ఉందట. బావ ఆ టేపు సంగతి ఒక్కసారే చెప్పాడు, చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బావ అబద్ధమాడే మనిషి కాదు. ఆడాలనుకున్నా రాదు, చెవులు ఎర్రబడతాయి, పేకాటలో అక్క కూడా ఆయన చెవులు చూసే గెలుస్తుంది. ఆసుపత్రిలో ఆమె ఆ చెవులవైపే చూసింది. మామూలుగానే ఉన్నాయి.

మరి గొలుసు.

ఆమెకి నీళ్లంటే భయం పోగొట్టింది ఆ మనిషే. అక్క పెళ్లయిన కొత్తలో, అమ్మ లేని చెల్లెల్ని వెంటబెట్టుకుని కాపురానికి వచ్చింది అక్క. ఎవరైనా ఒకమాట అంటారేమో అనుకుంటే, ఒకటి కొంటే ఒకటి ఉచితమని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించాడు బావ. రేవు మెట్ల దగ్గర నడుంలోతు నీళ్లలో నిలబడి, ఆమె పొట్ట కింద అరచెయ్యి పెట్టి, తన్ను మరదలా తన్ను, నీళ్లు మీ అక్కంత కోపిష్టివేం కాదు, అనేవాడు. ఏ క్షణాన ఆ అరచెయ్యి తీసేశాడో ఇప్పటికీ తెలియదు. తర్వాత ఆమె కెమెరా పట్టుకుని నీళ్లలో దిగడం మొదలుపెట్టి, ఓడల అడుగులూ వంతెన స్తంభాలూ ఫొటోలు తీసి బతుకుతుంటే, మా మరదలు చేపలకి పెళ్లి ఫొటోలు తీస్తుంది, అని ఊరంతా చెప్పాడు. నిన్న సాయంత్రం వెళ్తే నవ్వలేదు. అక్క వంటగదిలోకి లాక్కుపోయింది, కుళాయి తిప్పింది, నీళ్ల చప్పుడులో అడిగింది.

"ఏమే, గొలుసు ఫొటోలో పడుతుందా?"

"పడుతుందక్కా."

"తెగింది కనిపిస్తుందా?"

"తెగి ఉంటే కనిపిస్తుంది."

"ఉంటే ఏంటే? ఆయన చెప్పాడు కదా."

పోయిన వారమంతా ఇంట్లో ఆ ఒక్క మాట మీదే పొయ్యి వెలిగింది. ఆయన చెప్పాడు కదా. ఆయన చెప్పింది నిజమైతే తప్పు మేస్త్రీది, లాంచీ ఇంజనూ గొలుసూ అన్నీ చూసే మేస్త్రీది, ముక్కు మీద ఎప్పుడూ నల్ల మరకతో తిరిగే పొట్టి మనిషిది. ఇప్పటికే పనిలోంచి పక్కన పెట్టారు. పొద్దున పడవ ఎక్కుతుంటే రేవు చివర ఇనుప గుంజ మీద కూర్చుని ఉన్నాడు. దగ్గరికి రాలేదు, ఒక్క మాట అడగలేదు, తిట్టనూ లేదు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ చేతుల్ని అంత శుభ్రంగా ఎన్నడూ చూడలేదు, పని లేని చేతులు, ఏం చేయాలో తెలియక ఒళ్లో పడున్నాయి. ఆమె తల దించుకుని పడవలోకి దిగిపోయింది. తల ఎందుకు దించాలి, అప్పటికింకా గొలుసు ముట్టుకోనే లేదు.

నీడ పడవ అంచు దాటడం లేదు, ఎండ కదలడం లేదు, గంట అంటే ఇంత పొడుగుంటుందా. ఎదురుగా పొడుగు తన కాలు గోక్కున్నాడు. మెలకువగానే ఉన్నాడన్నమాట. ఉంటే ఉన్నాడు. ఒక ఆలోచన ఇందాకటి నుంచి పడవ చుట్టూ తిరుగుతోంది, తరిమినా పోని కుక్కలా, దాని ముఖం ఆమె ఇంకా సరిగా చూడలేదు, చూస్తే లోపలికి వచ్చి కూర్చుంటుంది. బుడగ. ఇంకోసారి బుడగ పడితే. కావాలని కాదు, ఏదో కంగారులో, నీళ్లు మరీ మురికిగా ఉన్నాయి, కాలు తగిలి బురద లేచింది, ఎన్ని కారణాలు లేవు. ఎవరూ అనుమానించరు. రేపు క్రేను వస్తుంది, గొలుసు ఎక్కడో ఒకచోట తెగుతుంది, ఇదిగో తెగింది అంటారు, బావ మంచివాడవుతాడు, అక్క కుళాయి కట్టేస్తుంది. అబద్ధం చెప్పక్కర్లేదు. తీయకుండా ఉంటే చాలు. ఆఫీసరు మొదటిరోజే అడిగాడు, సరంగు మీకేమవుతారని. మా అక్క భర్త, అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ చుట్టుపక్కల కెమెరాతో దిగేవాళ్లు ఇంకెవరూ లేరమ్మా. ముక్కలు ముక్కలుగా తెస్తే నాకు పనికిరాదు. చక్రం కొస నుంచి చుక్కాని దాకా ఒక్క ఫొటోలో ఉండాలి." తర్వాత, తనకి తనే చెప్పుకున్నట్టు, "లేనిది ఉన్నట్టు కెమెరా చూపించదు కదా," అన్నాడు. చూపించదు. ఉన్నది లేనట్టు మాత్రం చూపిస్తుంది సారూ, గాలి బుడగంత పని.

చేతులకి ఏదో ఒక పని కావాలి కాబట్టి కెమెరా తెర వెలిగించి పొద్దుటి ఫొటోలు తిప్పింది. లెన్సుతో తీసినవి కుడి సగం తెల్లగా, ఎడమ సగంలో లాంచీ. లెన్సు తీసేసి దగ్గర్నుంచి తీసినవి కాస్త బాగున్నాయి, కానీ ఏముంది, ఒక కణుపు, ఒక మేకు, నీలం గీతలో ఇంత ముక్క. తిప్పింది, వెనక్కి తిప్పింది. ఒకేచోట నిలబడి తీసినవే రెండూ. లెన్సుతో తీసినదాన్లో స్తంభం విరిగిన ముక్క కూడా ఉంది, లాంచీ పక్కలోనే గుచ్చుకుని, ఎర్రగా. లెన్సు లేకుండా తీసినదాన్లో లేదు. లేదంటే లేకపోవడం కాదు, అంత పక్కన ఉన్నది ఇందులో పట్టలేదు. ఇది ఒక్కటే చూసినవాడు అక్కడ స్తంభం లేదనే అనుకుంటాడు. ప్రమాణం చేసి మరీ చెబుతాడు.

చెవులు ఎర్రబడకుండా చెబుతాడు.

బొటనవేలు ఆగిపోయింది. కిందటి నెల, అక్కావాళ్ల ఇంట్లో, భోజనాల దగ్గర బావ మోచెయ్యి తగిలి గ్లాసు పడింది, అక్క గుడ్డ తెచ్చి తుడిచింది, రోజూ ఇదే వరస, అంది. రోజూ. కుర్చీ ఉన్నచోటు నుంచి జరపొద్దు అంటుంది అక్క, ఇల్లు తుడిచేటప్పుడు కూడా జరపనివ్వదు, మీ బావ తగులుకుంటాడే. ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక కమిలిన మచ్చ, తలుపు రెక్కలు ఇరుకని తిట్టేవాడు, తలుపులు ముందు ఇరుకుగా లేవా. అక్క కూతురు బొమ్మ గీసుకుని వచ్చి పక్కనే నిలబడింది, నిలబడే ఉంది, నాన్నా అంటే ఉలిక్కిపడి, ఎప్పుడొచ్చావే అన్నాడు, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. సైకిలు మానేశాడు, మోకాలు నొప్పి అన్నాడు. వీధి దాటేటప్పుడు తలంతా ఇటు తిప్పి అటు తిప్పి చూస్తాడు, దొంగలా ఏంటా చూపులు అని అక్క ఎగతాళి. పోయినసారి రేవులో ఆమె పక్క నుంచి చెయ్యి ఊపింది, అందనంత దూరం కూడా కాదు, పట్టించుకోకుండా పోయాడు, అక్కతో గొడవపడి ఉంటాడులే అనుకుంది. ఎదురుగా ఉన్నదంతా చూస్తాడు, పేపర్లో సన్న అక్షరం చదువుతాడు, ఆవలి ఒడ్డున పడవ పేరు చెబుతాడు. పక్కలు. పక్కలు లేవు ఆయనకి. చీకటి కనిపిస్తే మనిషికి అనుమానం వస్తుంది, ఏమీ కనిపించకపోతే ఏమీ లేదనుకుంటాడు. ఆ రోజు ముందు కూర్చున్నవాళ్లెవరో రాయి రాయి అని అరిచాకే తిప్పి ఉంటాడు. బలమంతా పెట్టి తిప్పి ఉంటాడు. లాంచీ తిరిగేలోపే తగిలింది. మాట వినలేదు, గొలుసు పోయింది. ఆయనకి అదే నిజం. వేరే కారణం ఇంకేముంటుంది, లేని రాయి మీదికి ఎవడైనా పోతాడా.

ఇంత మంది ఇంట్లో తిరుగుతూ ఒక్కళ్లం చూడలేదు. ఆఖరికి చూడటమే పనిగా బతికే తను కూడా. ఫొటో తీయకుండా వస్తే ఏమవుతుంది, బావ మంచివాడవుతాడు, కొత్త లాంచీ వస్తుంది, మళ్లీ ఆయనే ఎక్కుతాడు చక్రం దగ్గరికి, మళ్లీ ఎవరో కొలతలు తీసుకుని అవతలి ఒడ్డుకి పోతుంటారు.

"పొడుగూ."

"ఊఁ."

"ఇంకెంతసేపు?"

టోపీ తీసి గడియారం చూసుకున్నాడు. ఆమె ముఖం కూడా చూశాడు, కాస్త ఎక్కువసేపే. "దిగొచ్చు," అన్నాడు. "ఈసారి బుడగ చూస్కో."

"చూస్కుంటా."

నీళ్లు మీదకి మూసుకున్నాయి. దిగుడు తాడు పట్టుకుని కిందికి, కిందికి, పచ్చగా ఉన్నది గోధుమరంగై, గోధుమరంగు నల్లబడి, చెవులు బిగిసి వదిలి, తన ఊపిరి తనకే రంపపు కోతలా వినిపిస్తూ. అడుగుకి ముందే ఆగింది. లెన్సు విప్పింది, వంచింది, గాజు అంచు నుంచి చిన్న ముత్యాల్లాంటివి జారి పైకి పోయాయి, వేలితో లోపల తుడిచి ఇంకా ఒకటి మిగిలిందేమో వెతికింది, ఉంది, దాన్నీ పంపేసింది, బిగించింది. కాళ్లు ఆడించకుండా, బురద లేవకుండా, ఒక చేత్తో లాంచీ పక్క పట్టుకుని నెమ్మదిగా వెనకభాగానికి చేరింది. పొడుగు రెండు లైట్లనీ చెరో పక్కకి దూరంగా పట్టాడు, మధ్యలో పట్టుకుంటే నీళ్లలో నలుసులన్నీ మంచులా మెరుస్తాయి. ఆగింది. నలుసులు కిందికి దిగాయి. ఇంకా దగ్గరికి, ఇంకా, మోచెయ్యి వంచితే తగిలేంత దగ్గరికి. కెమెరా వెనక చిన్న తెర మీద అప్పుడు ఒక్కసారిగా మొత్తం వచ్చింది, ఈ మూల సరంగు గది తలుపూ చక్రం కొసా, ఆ మూల కుడికి తిరిగిన చుక్కాని, అంచుల్లో రేకులు కాస్త వంగినట్టు, మధ్యలో ఒక నదిలా గొలుసు, తెగని గొలుసు. ఎడమ అంచున ఎర్రగా విరిగిన స్తంభం. మీట నొక్కింది. ఇంకోటి. ఇంకోటి. కళ్లద్దాల లోపల వెచ్చగా ఏదో నిండుతుంటే తుడుచుకోవడానికి వీల్లేదు. బావ నీలం గీత మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంది, పొడుగు భుజం తట్టేదాకా.

రేవులో ఆఫీసరు తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు, గొలుసు వెంట వేలు జరుపుతూ, పెదవులు కదుపుతూ. "బాగానే ఉందమ్మా గొలుసు," అన్నాడు చివరికి, జాలిగా. బావ కంటి సంగతి కూడా ఆమె చెప్పింది, పరీక్ష చేయించమంది. ఆయన రాసుకోకుండా తలూపాడు, తర్వాత రాసుకున్నాడు. గుంజ మీద మేస్త్రీ లేడు, పొద్దెక్కాక ఇంటికి పోయాడని ఎవరో చెప్పారు. తడిజుట్టుతోనే అక్క ఇంటికి నడిచింది. అక్క తలుపు తీసి ముఖం చూసి పక్కకి తప్పుకుంది. బావ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన ముందుకొచ్చి, సరిగ్గా ఎదురుగా, నేల మీద కూర్చుంది.

"బావా, గొలుసు తెగలేదు."

ఆయన కెమెరా తీసుకున్నాడు. చిన్న తెర మీద ముందు చక్రం కొస చూశాడు, తర్వాత తల జరిపి గొలుసు, తర్వాత ఇంకా జరిపి చుక్కాని. అరచేతిలో పట్టే బొమ్మని కూడా ముక్కలుగానే చూస్తున్నాడు. ఆమె వెనక అక్క గోడకి ఆనుకుంది.

"మరి తిప్పాను కదే."

"తిప్పావు. ఆలస్యంగా తిప్పావు. నీకు స్తంభం కనిపించలేదు బావా. పక్కవి నీకు కనిపించడం లేదు."

కోప్పడతాడనుకుంది. నీకు పిచ్చా అంటాడనుకుంది. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, తల ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకున్నాడు, ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా. "మెట్ల దగ్గర అప్పుడప్పుడూ," అని ఆగాడు. "వయసనుకున్నా." తర్వాత ముఖం రెండు చేతుల్లో దాచుకుని, "దర్జీ," అన్నాడు. అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుంది, ఆయనకి తెలియలేదు, భుజం మీద చెయ్యి వేశాకే తెలిసింది, అది ఈసారి ముగ్గురూ చూశారు.

లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"మేస్త్రీ ఇంట్లో ఉంటాడా ఈ టైముకి?"

"రేపు వెళ్లొచ్చులెండి," అంది అక్క.

"వారం నుంచి నా మాటకి ఆయన దొంగయ్యాడు. రేపటిదాకా ఎందుకు." గుమ్మం దగ్గర నిలబడి, ఆమె ఎటువైపు ఉందో వెతుక్కోకుండా, చెయ్యి ఊరికే గాల్లోకి చాపాడు. "రా మరదలా."

ఆమె ఆ చేతి కిందికి భుజం పెట్టింది. మెట్టు, అంది. మెట్టు, మెట్టు. నేనింకా ముసలాణ్ని కాలేదు, కాస్త త్వరగా చెప్పవే, అన్నాడు. పక్క వీధిలోకి తిరిగారు. ఎదురొచ్చినవాళ్లు పలకరిస్తే ఆయన తల తిప్పి పేరుపేరునా పలికాడు. మేస్త్రీ ఇంటి తలుపు ఆయనే కొట్టాడు. లోపల చెప్పుల చప్పుడు, గడియ తీసిన చప్పుడు. శుభ్రమైన చేతులతో మేస్త్రీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఇద్దర్నీ చూసి లోపలికి రమ్మనలేదు.

"నీ గొలుసు బాగానే ఉంది మేస్త్రీ," అన్నాడు బావ. "నేనే చూళ్లేదు."